మేరీ మిడ్జ్‌లీ ఎవరు? తొలి పుస్తకం అంత ఆలస్యంగా రాశారా?

ఆమె బ్రిటిష్ తత్వవేత్త. అవును, ఆలస్యంగానే రాశారు: 1978లో తొలి పుస్తకం ‘బీస్ట్ అండ్ మ్యాన్’ అచ్చయ్యేనాటికి ఆమెకు అరవై ఏళ్లు దగ్గరపడ్డాయి. తన అభిప్రాయాలేమిటో అంతకుముందు తనకే తెలియదని, ఆలస్యమే మేలు చేసిందని ఆమె అనేవారు. నాకు ఆ నిజాయితీ ఎంతో ఇష్టం.

1919లో లండన్‌లో పుట్టి, 1938లో ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కళాశాలలో చేరారు. మరుసటి ఏడాదే రెండో ప్రపంచ యుద్ధం. మగ విద్యార్థుల్లో చాలామంది సైన్యానికి వెళ్లిపోవడంతో తరగతులు పలచబడి, అమ్మాయిల మాట వినే తీరిక గురువులకు దొరికింది. తర్వాత తత్వవేత్తలుగా పేరు తెచ్చుకున్న ఐరిస్ మర్డాక్, ఫిలిపా ఫుట్, ఎలిజబెత్ ఆన్స్‌కూంబ్‌లతో స్నేహం అప్పటిదే. తర్వాత పెళ్లి, ముగ్గురు కొడుకులు. 1962 నుంచి 1980 వరకు న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు.

మనిషి జంతువులాంటివాడు కాదు, జంతువే అన్నది ఆమె వాదన. మన స్వభావాన్ని ఆ చుట్టరికంలోనే వెతకాలంటారు. తత్వశాస్త్రాన్ని ఇంటి నీటి గొట్టాలతో పోల్చారు: నేల కింద ఉన్నంతకాలం ఎవరికీ పట్టవు, కంపు మొదలైతే గచ్చు తవ్వి చూడాల్సిందే. జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ జన్యువులకు ‘స్వార్థం’ అంటగట్టడంపై 1979లో ఘాటుగా విరుచుకుపడ్డారు. చివరి పుస్తకం 2018లో వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో, 99 ఏళ్ల వయసులో కన్నుమూశారు.