మావగారు వద్దంటున్న బ్రాండు కారు: కొత్తదా, మూడేళ్ల పాతదా?

ప్రశ్న: నిజాంపేటలో ఉంటాం. నాకు 36 ఏళ్లు, ఐటీ ఉద్యోగం, ఆఫీసు గచ్చిబౌలిలో. జీతం చేతికి 95,000 వస్తుంది. ఇంటి రుణం ఈఎంఐ 29,000, బీమా ప్రీమియం నెలకు 3,000, ఇంటి ఖర్చు 38,000. ఫిక్స్‌డ్ డిపాజిట్ 7 లక్షలుంది. పిల్లలిద్దరూ ఎదుగుతున్నారు, కారు తప్పేట్టు లేదు. టాటా నెక్సాన్ పెట్రోలు చూశాను. ఎక్స్‌షోరూం 9,40,000, ఆన్‌రోడ్ 11,30,000 అన్నారు. మా మావగారు మాత్రం ‘ఆ కంపెనీ బండికి రీసేల్ ఉండదు, మారుతి తీసుకో’ అంటున్నారు. ఏడేళ్ల లోను ఇస్తామని బ్యాంకు వాళ్లు చెబుతున్నారు. ఇదే కారు, 2022 మోడల్ సెకండ్‌హ్యాండ్ బండి ఒకటి 6,75,000కి కూడా చూశాను. ఏం చేయమంటారు?

జవాబు: మావగారి మాటను కొట్టిపారేయకండి. ఆ భయానికి పునాది ఉంది, కాకపోతే అది పాతది. 1998 చివర్లో టాటా ఇండికా వచ్చినప్పుడు బుకింగ్‌లు వెల్లువెత్తాయి, వెనకే ఫిర్యాదులూ వచ్చాయి. 2001లో వీ2 పేరుతో సరిదిద్దిన బండిని దించారు. అది బాగా అమ్ముడుపోయినా, ట్యాక్సీ స్టాండులో నిలబడే బండి అన్న ముద్ర మాత్రం చెరగలేదు. 2009లో నానో వచ్చింది. కొన్ని బండ్లు కాలిపోయిన వార్తలు, ‘అతి చవక కారు’ అన్న పేరు కలిసి దాన్ని దెబ్బతీశాయి. 2016లో టియాగో, 2017 సెప్టెంబరులో నెక్సాన్ వచ్చాకే గాలి మళ్లింది. 2018 డిసెంబరులో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ క్రాష్ పరీక్షలో నెక్సాన్‌కు ఐదు నక్షత్రాలు వచ్చాయి. మన దేశంలో తయారైన కార్లలో ఆ రేటింగ్ సాధించిన మొదటిది అదే.

ఒక బ్రాండు మారిన తర్వాత దాని పేరు మారడానికి ఏళ్లు పడుతుంది. హ్యుందాయ్‌నే తీసుకోండి. 1986లో అమెరికాలో ఎక్సెల్ కారును 4,995 డాలర్లకు పెడితే తొలి ఏడాదే 1,68,882 అమ్ముడుపోయాయి. రెండు మూడేళ్లలో తుప్పు, రిపేర్లు బయటపడ్డాయి. టీవీ హాస్య కార్యక్రమాలు ఆ పేరుతో ఆడుకున్నాయి. 1998 నాటికి అక్కడ అమ్మకాలు 90 వేల దగ్గరికి పడిపోయాయి. అప్పుడు కంపెనీ ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు పదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ప్రకటించింది. 1999లో పగ్గాలు పట్టిన చుంగ్ మాంగ్-కూ అంతకుముందు సర్వీసు వ్యాపారం నడిపినవాడు. ఏ భాగం ఎక్కడ చెడిపోతుందో ఆయనకు తెలుసు. పదేళ్ల వారంటీ ఇచ్చాక చెడిపోయే ప్రతి భాగం ఖర్చూ కంపెనీ నెత్తినే పడుతుంది. అంటే వారంటీ కార్డు కంపెనీ తన డబ్బుతో కట్టిన పందెం. 2004లో జేడీ పవర్ అనే సర్వే సంస్థ కొత్త కార్ల తొలి నెలల నాణ్యతపై చేసే సర్వేలో హ్యుందాయ్ హోండాతో సమానంగా నిలిచింది. 2006లో లగ్జరీ కాని బ్రాండ్లన్నిటికంటే పైకి వెళ్లింది. అయినా పాత కార్ల బజారులో ధర మాత్రం చాలా ఏళ్లు టయోటా, హోండాల వెనకే ఉంది. బండి బాగుపడిన రోజుకూ, బజారు దాన్ని నమ్మిన రోజుకూ మధ్య ఉన్న ఈ దూరమే మీ ప్రశ్నలో అసలు డబ్బు. పక్కనే పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు చేస్తున్న కియాదీ ఇలాంటి కథే. 1997లో దివాలా తీసి, మరుసటి ఏడాది హ్యుందాయ్ చేతికి వచ్చింది.

ఆ దూరాన్ని రూపాయల్లో కొలుద్దాం. ఎనిమిదేళ్ల తర్వాత పేరున్న బ్రాండు కారు ఎక్స్‌షోరూం ధరలో 40 శాతానికి, ఈ కారు 30 శాతానికి పోతుందనుకుందాం. ఇది నేను కావాలనే మావగారి పక్షాన వేసిన అంచనా. తేడా 94,000. ఎనిమిదేళ్లు నడిపితే నెలకు 979 రూపాయలు. నాలుగేళ్లకే అమ్మేస్తే అదే తేడా నెలకు 1,958 అవుతుంది. కాబట్టి కారును ఎక్కువకాలం ఉంచుకునేవాళ్లకు రీసేల్ భయం చిన్నది, నాలుగేళ్లకోసారి మార్చేవాళ్లకు పెద్దది. మీరు ఎనిమిదేళ్లు నడుపుతారనుకుంటే, రీసేల్ కోసమే వేరే బండి కొనాల్సిన పని లేదు.

అయితే మీకు అసలు ఇబ్బంది బ్రాండు దగ్గర లేదు, ఈఎంఐ దగ్గర ఉంది.

ఆరు నెలల ఇంటి ఖర్చు, ఇంటి రుణం, బీమా కలిపితే 4,20,000. డిపాజిట్‌లో ఆ మొత్తాన్ని ముట్టుకోకండి. ఐటీ ఉద్యోగంలో ఇప్పుడున్న పరిస్థితికి అది కనీసం. మిగిలేది 2,80,000. ఆన్‌రోడ్ ధర 11,30,000కి ఇంకా 8,50,000 అప్పు కావాలి. 9 శాతం వడ్డీతో ఐదేళ్లకు ఈఎంఐ 17,645. ఇంటి రుణంతో కలిపి 46,645, అంటే జీతంలో 49 శాతం. ఇంటి ఖర్చు, బీమా తీసేస్తే మీ చేతిలో 7,355 ఉంటుంది. నిజాంపేట నుంచి గచ్చిబౌలికి రోజూ రానుపోను, వారాంతాలు కలిపి నెలకు 900 కిలోమీటర్లు తిరిగితే, సిటీ ట్రాఫిక్‌లో లీటరుకు 12 కిలోమీటర్ల లెక్కన 75 లీటర్లు. లీటరు 107 అనుకుంటే 8,000 పైనే. మొదటి నెలే లోటు.

అందుకే బ్యాంకు వాళ్లు ఏడేళ్లు అన్నారు. ఈఎంఐ 13,676కి దిగుతుంది, మొత్తం ఈఎంఐలు జీతంలో 45 శాతం లోపు సర్దుకుంటాయి. కాగితం మీద అందంగా ఉంటుంది. ఐదేళ్ల లోనుతో పోలిస్తే వడ్డీ 90,000 ఎక్కువ కడతారు. అంతకంటే ప్రమాదం ఇంకొకటుంది. నాలుగేళ్లు కట్టాక కూడా 4,30,000 అసలు మిగిలే ఉంటుంది. అప్పటికి బండి సగం ధరకు, అంటే 4,70,000కి పోతే అప్పు తీర్చాక చేతికొచ్చేది 40,000. ఉద్యోగం పోయి బండి అమ్మాల్సివస్తే ఆ రోజున రీసేల్ తేడా నిజంగా కరుస్తుంది. మావగారి భయం ఏడేళ్ల లోను తీసుకున్నవాడి విషయంలో అక్షరాలా నిజం.

నా సలహా 2022 బండి వైపే. పేరు మీద ఉన్న అనుమానం వల్ల పడే తరుగులో పెద్దభాగం మొదటి యజమాని భరించేశాడు. 2023 సెప్టెంబరులో కొత్త రూపం రావడంతో పాత రూపానికి ఇంకొంత తగ్గింది. బజారు అపనమ్మకం అమ్మేవాడికి నష్టం, కొనేవాడికి తగ్గింపు. కాకపోతే ఒకటి గమనించండి. 2022 బండిలో రెండు ఎయిర్‌బ్యాగులే ఉంటాయి, ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లకూ ఇచ్చింది 2023 మార్పు తర్వాతే. పిల్లలను వెనక కూర్చోబెడతారు కాబట్టి వెనక సీటు బెల్టులు, పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు సరిగా ఉన్నాయో స్వయంగా చూసుకోండి. నక్షత్రాలు గుద్దుకున్నప్పుడు ప్రాణం కాపాడే సంగతి చెబుతాయి, బండి ఎన్నాళ్లు రిపేరు లేకుండా నడుస్తుందో చెప్పవు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం మన దగ్గర బాగా అలవాటైపోయింది.

6,75,000 ఎక్కువ. అమ్మేవాళ్లు 2022 నాటి బిల్లు చూపించి లెక్క చెబుతారు, ఒప్పుకోకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లకు జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం. ఒక్క పన్ను వల్లే కొత్త బండి ధర దాదాపు ఎనిమిదిన్నర శాతం తగ్గినట్టు. పాత బండి ధర కట్టాల్సింది ఈ రోజు కొత్త బండి ధర మీదే. బీమా కంపెనీలు ఐడీవీ (బీమా కోసం బండికి కట్టే విలువ) లెక్కకు వాడే పట్టికలో మూడేళ్లు దాటి నాలుగు నిండని కారుకు 40 శాతం తరుగు. ఆ పట్టిక బ్రాండు పేరు చూడదు, అందరికీ ఒకటే. 9,40,000 మీద 60 శాతం 5,64,000. అయితే తెలంగాణలో 5 నుంచి 10 లక్షల కారుకు 14 శాతం లైఫ్ ట్యాక్స్ ఉంది, అది బండితోపాటే మీకు వస్తుంది, దానికీ విలువ కట్టడం న్యాయం. ఆ ట్యాక్సు 1,31,600 కూడా కలిపి, మొత్తంలో 60 శాతం లెక్కేస్తే 6,43,000 దగ్గర ఉంటుంది. 6,40,000కి బేరం ఆపండి. అంతకు రాకపోతే ఇంకో బండి చూడండి, హైదరాబాద్‌లో ఈ మోడల్‌కు కొదవ లేదు.

పేరు బదిలీకి, బీమాకు 30,000, మొదటి ఏడాది టైర్లు, బ్యాటరీ, పెద్ద సర్వీసుకు 50,000 పక్కన పెట్టండి. మొత్తం 7,20,000. మీ 2,80,000 పోగా అప్పు 4,40,000. పాత కార్లకు వడ్డీ ఎక్కువ, 12 శాతం అనుకుంటే నాలుగేళ్లకు ఈఎంఐ 11,587. ఇంటి రుణంతో కలిపి 43 శాతం లోపు. పెట్రోలు పోను నెలకు 5,400 మిగులుతుంది, అందులో 2,000 రిపేర్ల ఖాతాలో వేయండి. ఇదీ బిగుతుగానే ఉంటుంది. ఇంటి రుణం మీద టాపప్ (అదనపు అప్పు) దొరికితే వడ్డీ తగ్గుతుంది కానీ, దాన్ని కూడా నాలుగేళ్లలోనే తీర్చేలా పెట్టుకోండి. ఇరవై ఏళ్ల రుణంలో కారును కలిపేస్తే బండి తుక్కుకి పోయాక కూడా కడుతూనే ఉంటారు.

ఇక బండి చూసే రోజు. ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ముందే వేడిచేసి పెట్టారంటే చల్లటి ఇంజిన్‌లో వచ్చే శబ్దం, పొగ దాచినట్టే. చాసిస్ నంబరుతో అధీకృత సర్వీసు సెంటర్‌లో సర్వీసు చరిత్ర తీయించండి. కిలోమీటర్లు తిప్పేసి ఉంటే అక్కడే దొరుకుతుంది. వారంటీ, పొడిగించిన వారంటీ ఎప్పటిదాకా ఉన్నాయి, రెండో యజమానికి మారతాయా అన్నది అక్కడే అడిగి కాగితం మీద తీసుకోండి. అమెరికాలో హ్యుందాయ్ పదేళ్ల వారంటీ కూడా మొదటి కొనుగోలుదారుకే, రెండో వ్యక్తికి ఐదేళ్లే. ఇది చాలామంది కొన్నాక తెలుసుకుంటారు. బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే ఓబీడీ స్కానర్ పెట్టే మెకానిక్‌ను, పెయింటు మందం కొలిచే గేజీ ఉన్నవాణ్ని వెంట తీసుకెళ్లండి. కంపెనీ పెయింటు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. 300 దాటితే కింద లప్పం ఉన్నట్టు. బంపరు మీద చూడకండి, అది ప్లాస్టిక్. పైకప్పు, దాన్ని మోసే స్తంభాల మీద ఎక్కువ వస్తే అక్కడి నుంచే వెనక్కి వచ్చేయండి.

నీట మునిగిన బండ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2023 డిసెంబరు చెన్నై తుపాను, 2024 సెప్టెంబరు విజయవాడ బుడమేరు వరద తర్వాత మునిగిన కార్లు కడిగి వేరే ఊళ్లలో అమ్మకానికి రావడం సహజం. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద గీత అక్కడే మిగులుతుంది. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంటలో సన్నని మట్టి, హెడ్‌లైట్ల లోపల తేమ చూడండి. ఏపీ రిజిస్ట్రేషన్ బండి చవగ్గా వస్తోందంటే అక్కడి రవాణా శాఖ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవాలి, తెలంగాణలో వయసును బట్టి మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది కలిపాకే ధర పోల్చండి.

డబ్బు ఇచ్చేముందు చలాన్లు ఆన్‌లైన్‌లో చూసి అమ్మేవాడితోనే కట్టించండి. ఆర్‌సీ మీద పాత బ్యాంకు హైపోథికేషన్ (అప్పు తీరేదాకా బండి మీద ఉండే హక్కు) ఉంటే, దాన్ని తీసేసే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ లేకుండా పైసా ఇవ్వకండి. పేరు బదిలీ చేసే ఫారం 29, 30 సంతకాలు, రెండు తాళాలు, బీమా పాలసీ అదే రోజు తీసుకోండి. పాలసీని 14 రోజుల్లో మీ పేరు మీదకు మార్పించాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. పాలసీలో ఇంజిన్ ప్రొటెక్ట్ (నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే ఖర్చు ఇచ్చే అదనపు బీమా) తప్పనిసరిగా చేర్చండి. వానలో ఏదైనా అండర్‌పాస్ దగ్గర నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. గాలి గొట్టం ద్వారా లోపలికి నీళ్లు వెళ్లి ఉంటే ఆ ఒక్క తాళం తిప్పడంతో కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. బండిని తోసి పక్కకు పెట్టి టోయింగ్‌కు ఫోన్ చేయండి.

అడ్వాన్సు ఇచ్చేముందు మీ ఇంటికి దగ్గరలోని రెండు సర్వీసు సెంటర్లకు శనివారం ఉదయం వెళ్లి అరగంట నిలబడండి. ఏ బ్రాండు అయినా సర్వీసు సెంటర్‌ను బట్టి మారుతుంది. బండి ఇచ్చిన మాట ప్రకారం సాయంత్రానికి తిరిగిస్తున్నారా, విడిభాగాల కోసం ఎన్నాళ్లు ఆగాల్సివస్తోంది అన్నది అక్కడున్న కస్టమర్లే చెబుతారు. రెండు చోట్లా ఒకే రకం గోడు వినిపిస్తే ఈ బండి వదిలేయండి. అప్పుడు మావగారు చెప్పిన కారే, ఇదే లెక్కతో, మూడేళ్ల పాతది చూడండి.