బొడ్డు ఊడకముందు డైపర్ వేయొచ్చా? ఇద్దరు పిల్లలతో నా అనుభవం

మీ బాబు పుట్టి నాలుగు రోజులైందని, బొడ్డు ఇంకా ఊడలేదని రాశారు. అత్తగారేమో గుడ్డలే కట్టమంటున్నారు, మీ వారేమో రాత్రిపూటైనా డైపర్ వేద్దామంటున్నారు, ఏది సరైనదని అడిగారు. వేయొచ్చండి. మా పాపకీ, బాబుకీ మొదటి వారం నుంచే వేశాను. పాపకి తప్పుగా వేశాను. బాబు పుట్టేసరికి ఎలా వేయాలో తెలిసింది.

పాప పుట్టాక డిశ్చార్జ్ అయి తెనాలిలో అమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. దగ్గర్లో ఉన్న షాపులో ప్యాంట్ రకం డైపర్లే దొరికితే మా ఆయన అవే తెచ్చారు. అవి కాళ్ళు దూర్చి పైకి లాగాలి. లాగితే నడుము ఎలాస్టిక్ సరిగ్గా బొడ్డు మీదే కూర్చుంటుంది. ఐదో రోజు రాత్రి మార్చబోతూ కిందికి లాగాను. బొడ్డుకి వేసిన ప్లాస్టిక్ క్లిప్ ఎలాస్టిక్‌లో చిక్కుకుంది. పాప కెవ్వుమంది. చూస్తే బొడ్డు మొదట్లో మిరియపు గింజంత రక్తపు చుక్క. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. డాక్టర్‌కి ఫోన్ చేస్తే, శుభ్రమైన గాజుగుడ్డతో కొద్ది నిమిషాలు మెల్లగా అదిమి పట్టుకోమన్నారు, ఆగకపోతే వెంటనే తీసుకురమ్మన్నారు. ఆగింది. పొద్దున్నే వెళితే ఆయనే డైపర్ ముందు భాగం ఎలా మడవాలో తన చేత్తో మడిచి చూపించారు.

బొడ్డు కోశాక మిగిలిన ముక్కకి ఇక రక్తం అందదు. మొదట తెల్లగా, జిగురుగా ఉంటుంది. తర్వాత గోధుమ రంగుకి తిరిగి, నల్లబడి, ఎండి, మొదలు దగ్గర దానంతటదే విడిపోతుంది. మామూలుగా ఒకటి రెండు వారాలు పడుతుంది. ఎండాలంటే గాలి తగలాలి, తడి తగలకూడదు. కాబట్టి గుడ్డా, డైపరా అన్నది అంత ముఖ్యం కాదు. బొడ్డుని ఏది తడుపుతోంది, ఏది రాపిడి పెడుతోంది అన్నదే చూడాలి. గుడ్డని బొడ్డు మీద ముడేసి, అది తడిసినా గంటసేపు వదిలేస్తే డైపర్ కన్నా చెరుపు.

టేప్ ఉండే రకమే కొనండి. న్యూబార్న్ సైజు మామూలుగా ఐదు కిలోల లోపు పిల్లలకి. కొన్నింటికి ముందు వైపు బొడ్డు కోసం గుంటలా కత్తిరించి ఉంటుంది, దొరికితే మంచిది. దొరక్కపోతే ముందు అంచుని రెండు వేళ్ళ వెడల్పున బయటికి మడిచి, ఆ మడత బొడ్డుకి కిందే ఉండేలా చూసి టేపులు అంటించండి. నడుము దగ్గర రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి. వెనక వైపు కాస్త పైకి ఉంచండి, వీపు వైపు కారకుండా. పైన ముందు ముడేసే జబ్లా వేస్తే బొడ్డుకి గాలి ఆడుతుంది.

మీది బాబు కాబట్టి ఇంకో సంగతి. మా వాడికి డైపర్ ఇలాగే మడిచినా మూడో రాత్రి జబ్లా, బొడ్డు రెండూ తడిసిపోయాయి. డైపర్ చిన్నదైందేమో అనుకున్నాను. అమ్మ వచ్చి చూసి, "చుల్లి పైకి ఉంది కదే, కిందికి పెట్టి వెయ్యి" అంది. అదే కారణం. పైకి ఉంటే మూత్రం నేరుగా బొడ్డు వైపే వస్తుంది. ఆ రోజు మెత్తని పొడి గుడ్డతో తడి అద్ది, పది నిమిషాలు డైపర్ లేకుండా పడుకోబెట్టాను. తర్వాత ప్రతిసారీ కిందికి పెట్టే వేశాను, మళ్ళీ తడవలేదు.

మీ అత్తగారి మాటలోనూ నిజం ఉంది. పాత నూలు పంచె చింపి కట్టిన గుడ్డ తడిస్తే వెంటనే తెలుస్తుంది, బిడ్డ ఊరుకోదు. డైపర్ పీల్చేసుకుంటుంది, మనం మర్చిపోతాం. అందుకే రెండు మూడు గంటలకోసారి చూడాలి, దొడ్డికి వెళ్తే వెంటనే మార్చాలి. పాలు సరిపోతున్నాయో లేదో తెలియడానికి కూడా లెక్క పెట్టుకోండి. మొదటి రెండు మూడు రోజులు తక్కువసార్లే పోస్తారు. వారం దాటాక రోజుకి ఆరు, అంతకన్నా ఎక్కువే తడవాలి. నేను పగలు గుడ్డలు, రాత్రి డైపర్ వేశాను. గుడ్డలు ఎండలో బాగా ఆరేసి, ముడి బొడ్డు కిందికి వచ్చేలా కట్టేదాన్ని.

మా అత్తయ్య బొడ్డు మీద ఆముదంలో పసుపు కలిపి రాద్దామన్నారు. ప్రేమతోనే అన్నారు, వాళ్ళ కాలంలో అందరూ అలాగే చేశారు. నేను ఎదురు చెప్పకుండా తర్వాతిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆవిడని కూడా వెంట తీసుకెళ్ళాను. డాక్టర్ ఆవిడకే నేరుగా చెప్పారు. పసుపు, బూడిద, కాటుక, పౌడర్ ఏదీ వద్దు, పొడిగా వదిలేయండి అన్నారు. శుభ్రంగా లేని బ్లేడుతో బొడ్డు కోయడం, కోసిన చోట బూడిద, పేడ పెట్టడం వల్ల ఒకప్పుడు ధనుర్వాతంతో ఎందరో పసిపిల్లలు పోయేవారు. తల్లులకి టీకాలు, ఆసుపత్రి కాన్పులు పెరిగాకే 2015లో మన దేశం పసిపిల్లల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు ప్రకటించారు. ఆ మాట విన్నాక అత్తయ్యే మా ఇంట్లో ఎవరినీ ఏమీ రాయనివ్వలేదు. మీ డాక్టర్ ఏదైనా మందు రాసిస్తే మాత్రం అది వాడండి.

నీళ్ళు పోసే ఆవిడకీ ముందే చెప్పండి. బొడ్డు ఊడేదాకా మేము గోరువెచ్చని నీళ్ళలో తడిపిన గుడ్డతో ఒళ్ళు తుడవడమే చేశాం. మొలతాడు కూడా ఆగి కట్టాం, అది సరిగ్గా బొడ్డు దగ్గరే ఒరుసుకుంటుంది.

ఊడే ముందు మొదలు దగ్గర కొంచెం చెమ్మ, ఒకటి రెండు రక్తపు చుక్కలు రావచ్చు, టెన్షన్ పడకండి. కానీ చుట్టూ చర్మం ఎర్రబడి వాచినా, చీము వచ్చినా, కుళ్ళు వాసన కొట్టినా, రక్తం ఆగకపోయినా, బిడ్డకి జ్వరం వచ్చినా, పాలు తాగకుండా మగతగా ఉన్నా అదే రోజు, అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి వెళ్ళండి. ఇంత చిన్న బిడ్డల్లో ఇన్ఫెక్షన్ చాలా త్వరగా ముదురుతుంది. మూడు వారాలైనా ఊడకపోతే చూపించండి. ఒక్క దారపు పోగుకి వేలాడుతున్నట్టున్నా లాగకండి.

మా బాబుకి ఎనిమిదో రోజున జబ్లా విప్పుతుంటే క్లిప్‌తో సహా గుడ్డలో పడింది. పాపకి పన్నెండో రోజున ఊడింది, కానీ లోపల శనగగింజంత గులాబీ రంగు కండ మిగిలి, డైపర్ అంచుకి రోజూ పసుపు మరక అంటేది. డాక్టర్ దాని మీద సిల్వర్ నైట్రేట్ అనే, కండని ఎండగట్టే మందు తాకించారు. పాప ఏడవను కూడా లేదు. కొన్ని రోజుల్లో పూర్తిగా ఆరిపోయింది. ఆ కండ ఆరేదాకా డైపర్ అలా మడిచే వేశాను. మీ వాడికి ఊడిన తర్వాత కూడా లోపల పూర్తిగా ఆరేవరకు రెండు మూడు రోజులు మడత అలాగే ఉంచండి.