కేస్ షీట్‌లో ప్రమాదం రాసే ఉంది

ప్రశ్న: హన్మకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా అమ్మకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేశారు. ఆ రాత్రి లోపల రక్తస్రావమైంది. తెల్లవారుజామున 5 గంటలకు గానీ సర్జన్‌కు ఫోన్ చేయలేదు. మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లారు, అమ్మ బతికింది. తర్వాత కేస్ షీట్ చూస్తే 12 గంటలకు పల్స్ 92, ఒంటిగంటకు 108, రెండింటికి 120 అని సిస్టర్ రాసే ఉంది. నిద్రలో లేపితే సార్ తిడతారని డ్యూటీ డాక్టర్ ఆగారట. అన్ని సౌకర్యాలూ ఉన్నచోట ఇలా ఎందుకు జరుగుతుంది?
- ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అమ్మా, మీ తల్లిగారు కోలుకున్నందుకు ముందుగా సంతోషం. మీరు పంపిన ఆ మూడు అంకెలను నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఆపరేషన్ తర్వాత పల్స్ అలా గంట గంటకూ పెరగడం లోపల రక్తం పోతోందనడానికి ఒక హెచ్చరిక. జబ్బును కనిపెట్టడంలో అక్కడ లోపం జరగలేదు. కనిపెట్టిన మాట చేరవలసిన మనిషికి చేరలేదు, అంతే. పెద్ద డాక్టర్ కోపం కూడా ఇన్‌ఫెక్షన్‌లాగే రోగికి హాని చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. ఇజ్రాయెల్‌లో నవజాత శిశువుల ఐసీయూల్లో పనిచేసే 24 బృందాలకు ఒక నమూనా కేసు ఇచ్చి పరీక్షించారు. కొన్ని బృందాలతో ఒక నిపుణుడు కాస్త చులకనగా మాట్లాడాడు. 2015లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ఆ మాటలు పడినవాళ్లు రోగ నిర్ధారణలోనూ చికిత్సలోనూ వెనకబడ్డారు. ఒకరికొకరు సమాచారం చెప్పుకోవడం, సాయం అడగడం తగ్గిపోయింది. అరుపులు కూడా అక్కరలేదు, చిన్న చులకన చాలు.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు వార్డుల్లో మందుల పొరపాట్లను లెక్కించినప్పుడు, బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. ఆ వార్డుల్లో నిజంగా తప్పులు ఎక్కువని కాదు, చెబితే శిక్ష పడదన్న ధైర్యం వాళ్లకు ఉందని ఆమె గ్రహించారు. కనుక “మా దగ్గర ఒక్క పొరపాటూ జరగలేదు” అని చెప్పుకునే ఆసుపత్రిని చూస్తే నాకు భయమే వేస్తుంది.

కాగితాలు పెంచితే సరిపోతుందా అంటే, లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆపరేషన్ చెక్‌లిస్టును ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో వాడినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. థియేటర్‌లో ఉన్నవాళ్లందరూ తమ పేరు, పని చెప్పుకోవడం అందులో ఒక అంశం. అయితే కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో అదే తరహా జాబితాలు వాడినా చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2014లో తేలింది. టిక్కులు పెట్టినంత మాత్రాన నోరు విప్పే అలవాటు రాదని నేను దీన్ని అర్థం చేసుకుంటాను.

మన దగ్గర ఈ మౌనం మరీ ఎక్కువ. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వరంగల్‌కు రోగిని తెచ్చుకునే కుటుంబాలు డాక్టర్ ఎదుట నిలబడి ప్రశ్న అడగడానికే జంకుతాయి. ఆ ఇళ్లలోంచే వచ్చిన సిస్టర్లు కూడా ఆ జంకుతోనే డ్యూటీలో చేరతారు. దీనికి మందు సర్జన్ చేతిలోనే ఉంది. పల్స్ ఇంత దాటితే, బీపీ ఇంతకు పడితే, ఎవరినీ అడగకుండా నేరుగా నాకే ఫోన్ చేయండి అని ఆయన వార్డులో రాసిపెట్టాలి, చేసినప్పుడు విసుక్కోకూడదు. అనవసరంగా ఫోన్ చేసిన రాత్రి కూడా “మంచి పని చేశావమ్మా” అనగలగాలి.

మీరు ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు ఉత్తరం రాయండి. కేస్ షీట్ కాపీ లేకపోతే అడగండి, 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. రాత్రి ఫోన్ల విషయంలో ఏ నియమం మార్చారో రాతపూర్వకంగా చెప్పమనండి. ఒక మాట తప్పక చేర్చండి: గంట గంటకూ పల్స్ చూసి, ఉన్నది ఉన్నట్టు రాసిన ఆ సిస్టర్‌ను బాధ్యురాలిని చేసి పంపించవద్దని.