వీలునామాలో లేని కొడుకు మేనర్ కోర్టులో దొరికాడు

1480ల్లో ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో వీలునామా రాసిన ఒక రైతు మీ మామగారి వంశంవాడేనని ఇంట్లో అంటున్నారని, అది నిజమో కాదో ఎలా తేల్చుకోవాలని అడిగారు. మా ఆవిడ పుట్టింటివాళ్లదీ సఫోక్ కౌంటీయే, ఈ పని నేనూ చేశాను. నా మాట ఒక్కటే: పేరు వెంట పడకండి, పొలం వెంట పడండి.

చర్చి రిజిస్టర్లు 1538లో మొదలయ్యాయి. అంతకుముందు మామూలు మనుషుల పుట్టుకలు, పెళ్లిళ్లు పద్ధతిగా రాసిపెట్టినవాళ్లు లేరు. చనిపోతేనో, భూమి చేతులు మారితేనో, అప్పు ఎగ్గొడితేనో పేరు రికార్డుకెక్కేది.

అప్పట్లో వీలునామాలు చర్చి కోర్టుల్లో తేలేవి, సఫోక్ నార్విచ్ బిషప్ పరిధిలో ఉండేది. ఆ బిషప్ కోర్టు వీలునామాలు 1370 నుంచి ఉన్నాయి, నార్ఫోక్ రికార్డ్ ఆఫీసులో చూడొచ్చు. ఒకరికంటే ఎక్కువమంది బిషప్‌ల పరిధిలో ఆస్తి ఉన్నవాళ్లవి కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ కోర్టుకు వెళ్లేవి. అవి 1384 నుంచి లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చిన్న రైతులవి ఎక్కువగా బిషప్ కింద ఉండే ఆర్చ్‌డీకన్ అనే చర్చి అధికారి కోర్టుల్లోనే తేలిపోయేవి, కాబట్టి సఫోక్ ఆర్కైవ్స్‌లో ముందు వెతకండి.

మాకు దొరికిన వీలునామా 1487 నాటిది. ఆత్మ దేవుడికి, శరీరం చర్చి ఆవరణకు, కట్టడం మరిచిన దశమభాగాల కింద చర్చికి కొన్ని పెన్నీలు. ఆ తర్వాత పెద్దకొడుక్కి ఇత్తడి కుండ, ఆవు, కూతురికి దుప్పట్లు. మూడో బిడ్డ ఊసే లేదు. ఆన్‌లైన్ వంశవృక్షాల్లో ఇలాంటి చోట "సంతానం ఇద్దరే" అని రాసేస్తారు. 1540 చట్టం వచ్చేదాకా సొంత భూమిని నేరుగా వీలునామాతో ఇవ్వడానికి సాధారణంగా చట్టం ఒప్పుకునేది కాదు. ఊరి ఆచారం ప్రకారం భూమి ఎవరికి పోతుందో అందరికీ తెలుసు కాబట్టి, ఆ వారసుడి పేరు వీలునామాలో రాయకపోవడం మామూలే.

ఆ పేరు మేనర్ కోర్టు రోల్‌లో, అంటే ఆ కోర్టు రికార్డులో దొరికింది. మేనర్ అంటే ఒక దొర ఎస్టేటు. అక్కడ కాపీహోల్డ్ భూమి, అంటే ఊరి ఆచారం ప్రకారం దొర కింద అనుభవించే భూమి, చేతులు మారాలంటే దొర కోర్టులో నమోదు కావాల్సిందే. అమ్మేవాడు కర్ర పట్టుకుని భూమిని దొరకు అప్పగిస్తాడు. దొర తరపు మనిషి అదే కర్రను కొనేవాడి చేతిలో పెడతాడు. కట్టిన రుసుం పక్క మార్జిన్‌లో ఉంటుంది. మా ఎంట్రీ ఇలా ఉంది: గత కోర్టు తర్వాత ఫలానావాడు చనిపోయాడు, అతనికి ఒక ఇల్లు, 12 ఎకరాలు ఉండేవి, ఆచారం ప్రకారం చిన్నకొడుకే వారసుడు, మైనరు కాబట్టి తల్లి సంరక్షణలో ఉంటాడు. అవును, చిన్నకొడుకే! సఫోక్‌లో చాలా మేనర్లలో ఆఖరివాడికే భూమి. వీలునామాలో లేని కొడుకు, అతని తల్లి పేరు, రెండూ ఒక్క పేరాలో దొరికాయి. పైగా పొలానికి పాత యజమాని పేరే అంటుకుని ఉంటుంది, "పూర్వం ఫలానావాడిది" అని. దాన్నిబట్టి ఒక్కో తరం కిందికి దిగి 1538 రిజిస్టర్ దాకా రావచ్చు. మీ మేనర్ రోల్స్ ఎక్కడున్నాయో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల మేనోరియల్ డాక్యుమెంట్స్ రిజిస్టర్ చెబుతుంది.

అదే పేరున్నవాళ్లు ముగ్గురు తగిలితే అప్పులు, భూమి లాంటి ప్రైవేటు తగాదాలు చూసిన కామన్ ప్లీస్ అనే రాజు కోర్టు రికార్డులు చూడండి. 1413 చట్టం వల్ల ప్రతివాది వృత్తి, ఊరు రాయడం తప్పనిసరి అయింది, కాబట్టి నేతగాడు వేరు, రైతు వేరు అని తేలిపోతుంది. హ్యూస్టన్ యూనివర్సిటీ నడిపే ఆంగ్లో అమెరికన్ లీగల్ ట్రెడిషన్ సైట్లో ఫొటోలు ఉచితం. చాలా కేసుల్లో ప్రతివాది రానేరాడు, ఒకటే వాయిదాలు. మన కోర్టులు గుర్తొస్తాయి లెండి.

రోల్స్ లాటిన్‌లో ఉన్నాయని టెన్షన్ పడకండి, అవే వాక్యాలు మళ్లీ మళ్లీ వస్తాయి. తేదీలతో మాత్రం జాగ్రత్త. అప్పట్లో ఏడాది మార్చి 25న మారేది. పైగా ఏడాదిని రాజు పాలన లెక్కన రాసేవారు: ఏడో హెన్రీ పాలన రెండో ఏట ఫిబ్రవరి అంటే వాళ్ల లెక్కలో 1486, మన లెక్కలో 1487.

1487కి పైన మాకు తెగిపోయింది. 1381 తలపన్ను జాబితాలో పక్క ఊళ్లో అదే ఇంటిపేరుతో ఒకడున్నాడు. మా మామగారు ఆయన్నీ వంశవృక్షంలో ఎక్కించమంటారు. మధ్యలో చేతులు మారిన పొలం ఒక్కటీ దొరకలేదు కాబట్టి నేను ఎక్కించలేదు.