నొప్పి పోయింది.. అయినా అదే కాలు మళ్లీ మళ్లీ బెణుకుతోంది!

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. వారానికి మూడు నాలుగు రోజులు వాలీబాల్ ఆడతాను. ఎనిమిది నెలల క్రితం బంతి కోసం ఎగిరి దిగేటప్పుడు కుడి పాదం లోపలికి మడతపడి చీలమండ బెణికింది. ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉందన్నారు. ఐస్ పెట్టి, క్రేప్ బ్యాండేజ్ కట్టుకుని రెండు వారాలు విశ్రాంతి తీసుకున్నాను. నొప్పి పోయాక ఆటకు వెళ్లాను. ఆ తర్వాత అదే కాలు మరో రెండుసార్లు బెణికింది. ఒకసారైతే మామూలుగా మెట్లు దిగుతుంటేనే. లిగమెంట్ తెగిపోయిందంటారా? ఆపరేషన్ అవసరమా? యాంకిల్ బ్రేస్ (చీలమండను పట్టి ఉంచే తొడుగు) వేసుకుందామంటే, దానికి అలవాటుపడితే కాలు ఇంకా బలహీనపడుతుందని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆపరేషన్ గురించి ఇప్పుడే ఆలోచించకండి. మీ ఉత్తరంలో ఐస్ ఉంది, కట్టు ఉంది, విశ్రాంతి ఉంది. వ్యాయామం అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. నా అనుమానమంతా అక్కడే.

లిగమెంట్ అంటే ఎముకల్ని కట్టి ఉంచే తాడు అనుకుంటాం. నిజమే కానీ, అందులో నరాల కొసలు కూడా ఉంటాయి. పాదం ఎటు ఒరుగుతోందో, ఎంత వేగంగా ఒరుగుతోందో పైకి కబురు పంపడంలో వాటికీ వాటా ఉంది. ఆ కబురు సమయానికి అందితేనే కాలి బయటివైపు ఉండే పెరోనియల్ కండరాలు బిగుసుకుని పాదాన్ని నిలబెడతాయి. బెణికినప్పుడు తాడు సాగడమే కాదు, ఈ కబురు వ్యవస్థ కూడా దెబ్బతింటుంది. వాపు, నొప్పి కొన్ని వారాల్లో పోతాయి. ఇది మాత్రం దానంతటది పూర్తిగా కుదురుకోకపోవచ్చు. అందుకే మెట్ల మీద కూడా కాలు మిమ్మల్ని మోసం చేసింది.

ఇది ఇవాళ్టి మాట కాదు. ఫ్రీమన్ అనే బ్రిటిష్ సర్జన్ 1965లోనే సహచరులతో కలిసి ఈ సంగతి రాశారు, ఊగే పలక మీద నిలబెట్టి సాధన చేయించారు. అయినా ఇప్పటికీ చాలామందికి కట్టు కట్టి పంపడంతోనే వైద్యం అయిపోతోంది. మా వైద్యుల తప్పూ ఇందులో ఉంది, ఒప్పుకోవాలి.

నెదర్లాండ్స్‌లో 2009లో వెలువడిన ఒక పరిశోధన మీకోసమే చేసినట్టుంటుంది. కాలు బెణికిన 522 మంది క్రీడాకారుల్లో సగం మందికి మామూలు వైద్యంతో పాటు ఇంట్లో చేసుకునే బ్యాలెన్స్ వ్యాయామాలు ఇచ్చారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి అరగంటకు మించకుండా, ఎనిమిది వారాలు. పక్కన ఎవరూ నిలబడి చేయించలేదు. ఏడాదిలో మళ్లీ బెణికినవాళ్లు వ్యాయామాలిచ్చిన వర్గంలో 22 శాతం, ఇవ్వని వర్గంలో 33 శాతం. పూర్తిగా ఆగిపోతుందని కాదు. కానీ అరగంట శ్రమకు ఇది తక్కువ ఫలితమేం కాదు.

ఇక బ్రేస్. మీ స్నేహితుల భయానికి ఆధారం లేదు. నెదర్లాండ్స్‌లోనే 2014లో 384 మందితో మరో పరిశోధన చేశారు. ఏడాది పాటు ఆడేటప్పుడల్లా బ్రేస్ వేసుకున్నవాళ్లలో 15 శాతం మందికి, ఎనిమిది వారాల వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లలో 27 శాతం మందికి మళ్లీ బెణికింది. వ్యాయామాలు చేస్తూ ఆ ఎనిమిది వారాలే బ్రేస్ వాడినవాళ్లలో 19 శాతం. కాబట్టి ఒక ఏడాది ఆటకు వెళ్లిన ప్రతిసారీ బ్రేస్ వేసుకోండి, మొహమాటం వద్దు. అది ఒంటిమీద ఉన్నంతసేపే కాపాడుతుంది. మెట్లు దిగేటప్పుడు ఉండదు కదా, అందుకే వ్యాయామమూ మానొద్దు.

ఇప్పుడే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. గోడ పక్కన చెప్పుల్లేకుండా ఎడమకాలి మీద అర నిమిషం నిలబడండి. తర్వాత కుడికాలి మీద. ఆపైన కళ్లు మూసుకుని మళ్లీ ఒక్కో కాలి మీద. కుడివైపు పాదం ఎక్కువగా వణికినా, చెయ్యి గోడను వెతుక్కున్నా మీ జబ్బు మీకే కనిపించినట్టు.

మొదలుపెట్టడం కూడా అక్కడినుంచే. ఒంటికాలి మీద నిలబడటం తేలికయ్యాక మెత్తటి దిండు మీద నిలబడండి, ఆ తర్వాత అలా నిలబడే బంతి పట్టుకోండి. దృష్టి బంతి మీదకు వెళ్లినప్పుడు కూడా పాదం తన పని తాను చేసుకోవడం నేర్చుకోవాలి, ఆటలో జరిగేది అదే. దీనికి తోడు మునివేళ్ల మీద లేచి దిగడం, సాగే రబ్బరు బ్యాండ్‌తో పాదాన్ని బయటికి నెట్టడం చేయండి. బెణికిన కాలు చీలమండ దగ్గర ముందుకు వంగడం చాలాసార్లు తగ్గిపోతుంది. మడమ నేలనుంచి లేవకుండా మోకాలిని గోడకు ఆనించి చూస్తే రెండు కాళ్లకూ తేడా తెలుస్తుంది. తేడా ఉంటే దాన్నే వ్యాయామంగా రోజూ చేయండి. చివరి వారాల్లో ఒంటికాలి గెంతులు, ఎగిరి దిగడం. మొదటిరోజు ఫిజియోథెరపిస్టు దగ్గర సరిగ్గా నేర్చుకుంటే తర్వాత ఇంట్లో చేసుకోవచ్చు. మూడో వారానికి బాగైపోయిందనిపించి మానేసేవాళ్లే ఎక్కువ. మీరు ఆ జాబితాలో చేరకండి.

ఆటకు ఎప్పుడు వెళ్లాలో క్యాలెండర్ చూసి కాదు, కాలిని చూసి నిర్ణయించుకోండి. కుడికాలితో గెంతే దూరం ఎడమకాలితో దాదాపు సమానంగా ఉండాలి, దిగినప్పుడు తూలకూడదు.

మూడుసార్లు బెణికింది కాబట్టి ఒకసారి ఎముకల వైద్యుడికి చూపించుకోండి. చేత్తో మడమను ముందుకు లాగి చూస్తే లిగమెంట్ ఎంత వదులైందో అంచనా దొరుకుతుంది. కీలు పట్టేసినట్టు ఆగిపోతున్నా, లోపల లోతుగా నొప్పి ఉన్నా, వాపు వారాల తరబడి దిగకపోయినా మృదులాస్థి దెబ్బతిందేమో ఎంఆర్‌ఐలో చూడాలి. మూడు నుంచి ఆరు నెలలు శ్రద్ధగా వ్యాయామాలు చేసినా కాలు జారిపోతూనే ఉంటే, అప్పుడు లిగమెంట్ సరిచేసే ఆపరేషన్ గురించి మాట్లాడుకోవచ్చు. ఈలోగా మళ్లీ బెణికి నాలుగడుగులు కూడా వేయలేకపోతే, లేదా చీలమండ ఎముక వెనక అంచున నొక్కితే నొప్పి ఉంటే, పాత ఎక్స్‌రేని నమ్ముకోకుండా కొత్తది తీయించండి.