పొగమంచు ఫొటో బూడిద రంగులో ఎందుకు వస్తుంది?

మంచు తెలుపును చూసి కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుతురు) తగ్గించేస్తుంది, అందుకే ఫొటో బూడిద రంగుకు దిగిపోతుంది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఏ దృశ్యాన్నైనా సుమారు 18 శాతం కాంతిని తిప్పికొట్టే బూడిద రంగుగానే లెక్కగడుతుంది. మంచు అంతకంటే చాలా తెల్లన. ధనుర్మాసం పొద్దున నెల్లూరులో పెన్నా వైపు నుంచి రంగనాయకుల గుడి గాలిగోపురం తీస్తున్నారనుకోండి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కను మనం పెంచే, తగ్గించే సెట్టింగు) +1 దగ్గర పెట్టి, రా ఫైలుగా (కెమెరా మార్పులు చేయని అసలు ఫైలుగా) తీయండి. మంచు పాలలా తెల్లగా, గోపురం అంచులు అందులో కరిగిపోతున్నట్టు ఎంత బాగా వస్తాయో! హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగుల పాళ్లు చూపే గ్రాఫు) బాగా తెల్లని భాగాలుండే కుడి అంచుకు అతుక్కోకుండా మాత్రం చూసుకోవాలి.

లెన్సు బాగాలేదనో, ఎడిటింగ్‌లో డీహేజ్ (మసకను తగ్గించే స్లైడర్) పెంచితే సరిపోతుందనో చాలామంది పొరబడతారు. డీహేజ్ ఆ మంచునే తుడిచేసి, నీడల్లో చుక్కలుచుక్కలుగా గరుకు తేలుస్తుంది. దాని బదులు ఎడిటింగ్‌లోనే ఎక్స్‌పోజర్, వైట్స్ (బాగా తెల్లని భాగాల వెలుగు) కొద్దిగా పెంచండి.