హెచ్ ఇండెక్స్ గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, కర్నూలు నుంచి అత్త ఆశీర్వదించి రాయునది.

అనంతపురంలో మైక్రోబయాలజీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి ఏడాది కాకముందే, నీ హెచ్ ఇండెక్స్ రెండు దగ్గర ఆగిపోయిందనీ, నీతో పీజీ చేసినవాళ్లు పది దాటారనీ దిగులుపడుతూ రాశావు. అంటువ్యాధుల ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేసినదాన్ని కనుక, ఈ విషయంలో నాకు అనుభవంలోకి వచ్చినదంతా వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ అంకె సంగతి చూడు. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దాన్ని ప్రతిపాదించాడు. ఇతరులు తమ వ్యాసాల్లో మన పత్రాన్ని ఉదహరించడమే సైటేషన్. ఒకరి ఐదు పత్రాలకు వరుసగా 40, 12, 6, 4, 1 సైటేషన్లు ఉంటే హెచ్ ఇండెక్స్ 4 అవుతుంది, ఎందుకంటే కనీసం నాలుగేసి సైటేషన్లున్న పత్రాలు నాలుగు ఉన్నాయి, ఐదేసి ఉన్నవి ఐదు లేవు. మొదటి పత్రానికి 40కి బదులు 400 వచ్చినా ఆ 4 మారదు. వయసుతోపాటు పెరగడమే గాని తగ్గడం దానికి తెలియదు కాబట్టి, నిన్నగాక మొన్న చేరిన నీవు దాన్ని పట్టుకుని సీనియర్లతో పోల్చుకోవడం న్యాయం కాదు. ఇక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రికకు చెందినది, నీ వ్యాసానికి చెందినది కాదు. అంతకుముందు రెండేళ్లలో అచ్చయిన వ్యాసాలకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయన్నదే ఆ లెక్క.

ఈ వారమే చేయవలసిన పని ఒకటుంది. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత, కొందరికి చివర రెడ్డి, రావు అని ఉంటాయి. పత్రికల ఫారాలేమో చివర ఉన్నదాన్నే ఇంటిపేరుగా తీసుకుంటాయి. నా మొదటి పత్రం పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంతోనూ, రెండోది పూర్తి పేరుతోనూ, పెళ్లయ్యాక వచ్చినవి అత్తింటి ఇంటిపేరుతోనూ అచ్చయ్యాయి. ప్రమోషన్ సమయానికి డేటాబేసులో నేను ముగ్గురు మనుషులనయ్యాను. ఆ ముగ్గురూ ఒకరేనని రుజువు చేయడానికి కాగితాలు పట్టుకుని నెల రోజులు తిరిగాను. కనుక పేరు ఒక్క తీరుగా ఖాయం చేసుకుని, ఓర్కిడ్ అనే పదహారు అంకెల గుర్తింపు సంఖ్య తీసుకుని, ప్రతి పత్రానికీ దాన్నే ఇవ్వు. దానికి డబ్బు కట్టనక్కరలేదు.

సైటేషన్ ఎక్కడ పుడుతుందో మాత్రం నాకు ఒక మెయిల్ వల్ల తెలిసింది. డెంగీ అనుమానిత జ్వరాల మీద ఒక పత్రం రాసి, ఎన్ని నమూనాలు వచ్చాయో, వాటిలో డెంగీ వైరస్ ప్రోటీన్ అయిన ఎన్‌ఎస్‌1 ఎందరికి, వైరస్‌ను ఎదుర్కొనేందుకు శరీరం తయారుచేసే యాంటీబాడీ అయిన ఐజీఎం ఎందరికి పాజిటివో చక్కగా పట్టిక వేశాను. రెండేళ్ల తర్వాత, చాలా అధ్యయనాలను కలిపి విశ్లేషిస్తున్న ఒక బృందం, రక్తం తీసింది జ్వరం వచ్చిన ఎన్నో రోజున అని అడిగింది. ఎన్‌ఎస్‌1 తొలి రోజుల్లో దొరుకుతుంది. ఐజీఎం సాధారణంగా నాలుగైదు రోజులు గడిస్తే గాని కనబడదు. రోజు తెలియకపోతే నా శాతాలకు అర్థమే లేదు. పాత రిజిస్టరు తీసి చూశాను. నమూనా నంబరు, పేరు, వయసు, వార్డు, ఫలితం, అన్నీ నీలం సిరాతో పొందికగా ఉన్నాయి. జ్వరం రోజుకు గడే లేదు. వందలమంది రోగుల రక్తంతో చేసిన ఆ పని వారి విశ్లేషణలో చేరలేకపోయింది. ఆ బాధ నాకు ఇంకా తీరలేదు. మరునాడే స్కేలు పెట్టించి ప్రతి పేజీలో ఒక నిలువు గడి గీయించాను.

అందుకే, ఇతరులు తమ పనిలో వాడుకోగలిగేటట్టు రాయమంటున్నాను. 1925లో ఫిస్కేతో కలిసి మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ప్రచురించిన భాస్వరం కొలత పద్ధతిని తర్వాత ఎన్ని ల్యాబులు వాడాయో, ఎంతమంది ఉదహరించారో చూడు. ఇంకొకరు తమ బల్ల మీద తిరిగి చేయగలిగినంత స్పష్టంగా ఉండడమే దాని బలం. నీ ఎదుటా అటువంటి అవకాశం ఉంది. స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి చేసే ఐజీఎం ఎలైజా రక్తపరీక్షకు, ఎంత దాటితే పాజిటివ్ అనాలో తేల్చే కటాఫ్‌ను ఆయా ప్రాంతంలోనే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే ఆ జబ్బు తిరిగే చోట ఆరోగ్యవంతుల రక్తంలోనూ పాత యాంటీబాడీలు కొంత ఉంటాయి. మన రైతుల్లో, గొర్రెల కాపరుల్లో ఆ స్థాయి ఎంతో కొలిచి, ఆ కటాఫ్ ఎలా వచ్చిందో దాచకుండా రాశావంటే, అది ఇంకొకరికి పనికొస్తుంది. పల్లెటూరి ఆసుపత్రి నుంచి ఏం రాస్తామని అనకు. బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి హెచ్‌ఐవీ రోగుల వివరాలను ఏళ్ల తరబడి ఓపికగా నమోదు చేసింది గనుకనే అక్కడి నుంచి అంతర్జాతీయ పత్రికల్లో అన్ని పత్రాలు వచ్చాయి.

సైటేషన్ల సంఖ్యను సత్యానికి కొలతగా తీసుకోవద్దు. 2020 మార్చిలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నుంచి 36 మంది కోవిడ్ రోగులతో వచ్చిన, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు మీది పత్రాన్ని వేలసార్లు ఉదహరించారు. తప్పుపట్టడానికి ఉదహరించినవాళ్ల సైటేషన్లూ ఆ లెక్కలోకే వెళ్లాయి. 2024 డిసెంబరులో పత్రిక దాన్ని ఉపసంహరించింది.

డబ్బు కడితే వారంలో అచ్చువేస్తామనే పత్రికల జోలికి పోవద్దు. పనిచేయనివారి పేరు పత్రంలో చేర్చవద్దు. నా తొలి పత్రంలో, నమూనా ముఖమైనా చూడని ఒక పెద్దమనిషి పేరు మొదట వేయవలసి వచ్చింది; నేను నోరు మెదపలేదు. నీవు మాత్రం పని మొదలుపెట్టే రోజునే ఎవరి పేరు ఎక్కడ ఉండాలో కాగితం మీద రాసి, అందరి చేతా సంతకం చేయించు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు, రోగుల పేర్లు తీసేసిన జ్వరాల పట్టిక ఒకటి తీసుకురా. ఆ కటాఫ్ పనిలో ఆరోగ్యవంతుల రక్తం కోసం రక్తనిధి దాతల నమూనాలు వాడాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే కావాలి కాబట్టి, దరఖాస్తు చిత్తుప్రతి ఇప్పుడే పంపు. ఈ నెలాఖరులోగా దిద్ది ఇస్తాను.

ఇట్లు,
మీ అత్త